నారింజ రంగు మూత

మూతలు ఎక్కువై గిన్నెలు తక్కువైన ఇంటిని ఇల్లనే అనాలా, దానికి ఇంకేమైనా పేరుందా అని తాజుద్దీన్ ఆలోచిస్తున్నాడు. నోట్లో బ్రష్షు ఉంది. నురగ గడ్డం దాకా జారింది. ఉమ్మేయడం మరిచిపోయాడు. వంటింటి అర మీద కడిగి బోర్లించిన నల్ల ప్లాస్టిక్ డబ్బాలు ఒకదాని మీద ఒకటి మినారులా లేచి ఉన్నాయి. వాటి పక్కన మూతలు, అన్నీ నారింజ రంగువే. ప్రతి మూత మీద 'నల్లబంగారం ఫ్యామిలీ రెస్టారెంట్' అన్న పేరు, దాని కింద పొగలు కక్కుతున్న గిన్నె బొమ్మ. నిజం గిన్నెలుండాల్సిన చోట గిన్నె బొమ్మలున్నాయి. ఒకప్పుడు ఆ అర మీద స్టీలు గిన్నెలుండేవి. పెళ్లికి పెట్టినవి. ప్రతి గిన్నె అంచు మీదా 'మున్నవర్ బేగం' అని చుక్కలు చుక్కలుగా చెక్కించారు. అవి ఒక్కొక్కటే ఇరుగుపొరుగు క్వార్టర్లకు కూరలు మోసుకుపోయి, అక్కడే ఉండిపోయాయి.

అతని చిన్నతనంలో హోటల్ తిండి దిక్కులేనివాళ్లది. ఇంట్లో ఎవరైనా దవాఖానలో పడితే తప్ప హోటల్ మెట్లెక్కేవారు కాదు. తర్వాత బొగ్గు గనిలో ఉద్యోగం వచ్చాక, బోనస్ పడ్డ రోజు ఒక్కటి మినహాయింపు అయింది. తర్వాత ఆదివారాలు. తర్వాత చుట్టాలొచ్చినప్పుడు. తర్వాత చుట్టాలు రానప్పుడు కూడా. ఈ మార్పు ఎక్కడ జరిగిందో అతనికి గుర్తు లేదు. జుట్టు నెరవడం లాంటిదే అది. ఏ రోజుకా రోజు ఏమీ కనిపించదు.

నిన్న రాత్రి మాత్రం ఒకటి కనిపించింది. మంచినీళ్లకని వంటింట్లోకి వెళితే గ్యాస్ పొయ్యి రెండో బర్నర్‌కూ దాని కమ్మీకీ మధ్య సన్నటి దారం ఒకటి మెరిసింది. సాలీడు గూడు. దాన్ని చెరపడానికి చెయ్యి రాలేదు. పడుకున్నాక కూడా ఆ దారం కళ్ల ముందే వేలాడింది. తన ఇంటి నడిబొడ్డున ఏదో చల్లారిపోయిందని, దాన్ని ఇప్పుడే మళ్లీ రాజేయకపోతే ఇక ఎప్పటికీ అంటుకోదని అతనికి గట్టిగా అనిపించింది.

నోరు కడుక్కుని ముందు గదిలోకి వచ్చాడు. మున్నవర్ బేగం కుట్టు మిషన్ దగ్గర కూర్చుని ఎవరిదో పెళ్లి జాకెట్టుకు చేతులు కలుపుతోంది. కొడుకు మాజిద్ చెల్పూర్ కరెంటు ప్లాంటులో డ్యూటీకి పోవడానికి బూట్లు వేసుకుంటున్నాడు.

"మున్నవర్, ఇగ ఈ ఇంట్లకు హోటల్ పార్సిల్ రావద్దు."

మిషన్ ఆగలేదు. "ఎప్పటిసంది అజీ?"

"ఇయ్యాల్టిసంది."

"నిన్న బిర్యానీ మొత్తం తిన్నది మీరే గద అబ్బా," అన్నాడు మాజిద్.

"తిన్న. తిన్నంక సమజైంది. పొయ్యి మీద సాలీడు గూడు కట్టింది, చూసినవా?"

"దానికి గూడ క్వార్టర్ అలాట్ అయినట్టుంది," అన్నాడు మాజిద్ లేసు బిగిస్తూ.

మున్నవర్ మిషన్ చక్రం మీద అరచెయ్యి పెట్టి ఆపింది. దారం తెంపింది. భర్తను పైనుంచి కిందికి చూసింది. ఆమె లెక్క ఆమెకుంది. ఒక జాకెట్టు కుట్టే సమయంలో వంట చేస్తే మిగిలేదానికంటే, జాకెట్టు కుట్టి పార్సిల్ తెప్పిస్తేనే ఇంటికి మిగులు. ఆ మాట చాలాసార్లు చెప్పింది. ఈసారి చెప్పలేదు.

"వండుతా. పెండ్లిళ్ల సీజన్ల కుట్టుపని పక్కకు పెట్టి వండుతా. కాని ఒక మాట. మీ నోటి మాట మీద అంటిస్తున్న పొయ్యి ఇది. మీ నోటితోనే ఆరిందనుకోండ్రి, మల్ల నన్ను అడగొద్దు."

"నా నోరెందుకు ఆర్పుతది?"

"మీ నోరు నాకు తెల్వదా?" అని ఆమె లేచింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చేసరికి వీధి మొదట్లోనే తాజుద్దీన్‌కు తిరగమోత వాసన తగిలింది. అది తన ఇంటిదేనని తెలిసి నడక కొంచెం నెమ్మది చేశాడు, ఆ వాసనలోంచి తను నడిచి రావడం నలుగురూ చూడాలని. బగారా అన్నం, దాల్చా. శనగపప్పు, సొరకాయ, మాంసం, మహబూబాబాద్ నుంచి మున్నవర్ అక్క పంపే చింతపండు. మున్నవర్ చేతికి కొంచెంగా వండడం తెలియదు. పెద్ద కుటుంబంలో పెరిగిన చెయ్యి అది. ముగ్గురికి వండితే పదిమందికి వస్తుంది.

తాజుద్దీన్ తిన్నాడు. తింటున్నంతసేపూ అతను నిజానికి తింటున్నది తన గెలుపును. ఉదయం ఒక మాట అన్నాడు, మధ్యాహ్నానికి ఆ మాట ఆవిర్లు కక్కుతూ కంచంలోకి వచ్చింది. మరో రెండు గరిటెలు వేయించుకున్నాడు.

"ఎట్లుంది?" అంది మున్నవర్.

"పులుపు జర ఎక్కువైంది."

ఆ మాట అతను అనలేదు, అదే వచ్చింది. పెళ్లయిన కొత్తలో బావమరదుల ముందు మొదటిసారి భోజనానికి కూర్చున్నప్పుడు, ఏదో ఒకటి అనకపోతే రుచి తెలియనివాడనుకుంటారన్న బెదురుతో అన్నాడు. అప్పటినుంచి అన్నం ముందు నోరు తెరిస్తే అదే వస్తుంది. మున్నవర్ కూడా దాన్ని వినడం మానేసి చాలా కాలమైంది, తిరిగే ఫ్యాను చప్పుడు ఎలా వినబడదో అలా.

ఆమె మిగిలిన దాల్చాను పక్క క్వార్టర్ విజయకు పంపాలనుకుంది. విజయ ప్రభుత్వ దవాఖానలో నర్సు. ఆమె మొగుడు హరిలాల్ గనిలో ఫిట్టర్, తాజుద్దీన్ పనిచేసే గనిలోనే. ఇద్దరికీ డ్యూటీలు ఎదురెదురు. పొయ్యి దగ్గర నిలబడే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. స్టీలు గిన్నెలో పంపితే చిక్కు. ఒకరింటి గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదన్నది ఆ వీధిలో అందరూ పాటించే మర్యాద. గిన్నె పంపడమంటే, డ్యూటీ దిగి వచ్చిన పిల్లను ఇంకో వంట చేసి పంపమని అడిగినట్టే. డబ్బాకు ఆ బాధ లేదు. డబ్బాను ఎవరూ తిరిగి అడగరు. అందుకని మున్నవర్ అర మీది నల్ల డబ్బా ఒకటి తీసి దాల్చా నింపి, నారింజ రంగు మూత నొక్కి, గోడ మీదుగా అందించింది. "విజయా, వేడి మీదున్నది, జర తినుండ్రి." పొయ్యి మీద ఏదో పొంగుతుంటే లోపలికి పరుగెత్తింది.

ఒక మంచి మనసు చేసిన ఈ చిన్న పని వల్ల తర్వాత ఇంత జరుగుతుందని ఆమెకు తెలియదు. విజయ మూత చూసింది. పాపం, మున్నవరక్క మా కోసం కూడా హోటల్ నుంచి తెప్పించింది, అనుకుంది. డ్యూటీకి బయల్దేరుతున్న మొగుడి సంచిలో డబ్బా పెట్టి, "కూరున్నది, తిను," అంది. హరిలాల్ మూత చూశాడు. పెళ్లాం మళ్లీ హోటల్‌కు ఫోన్ చేసిందనుకున్నాడు. పార్సిళ్ల గురించి మొన్ననే ఇంట్లో ఒక గొడవ అయి చల్లారింది కాబట్టి ఏమీ అడగలేదు.

తాజుద్దీన్‌ది గని ల్యాంపు రూములో పని. కార్మికులు తమ నంబరు బిళ్ల ఇచ్చి టోపీ దీపం తీసుకుని గనిలోకి దిగుతారు. దీపాలన్నీ పైకి ఒకేలా ఉంటాయి. ఏది నిండుగా చార్జయిందో, ఏది లోపల సగంలో ఆరిపోతుందో చూస్తే తెలియదు. అందుకని ప్రతి దీపాన్నీ వెలిగించి, అరచేతి మీద వెలుగు పడేలా చూసుకుని గాని అతను ఎవరి చేతికీ ఇవ్వడు. ఆ విషయంలో అతనికి మంచి పేరుంది.

సెకండ్ షిఫ్టుకు ముందు పక్కనున్న రేకుల షెడ్డులో హరిలాల్ డబ్బా విప్పాడు. "తాజన్నా, రా. ఒక్క బుక్క తిను."

తాజుద్దీన్ నారింజ రంగు మూత చూశాడు. ఆ రోజు పొద్దున్నుంచీ చెప్పడానికి ఎవరూ దొరకని ఉపన్యాసం ఒకటి అతని లోపల ఉంది.

"గది నేను ముట్ట."

"ఎందుకన్నా?"

"మూత చూస్తె తెలుస్తలేదా? వాసన చూడు. చింతపండు వాసనేనా గది? ఏదో పొడి కలిపిన్రు. పప్పు ఉడకలే, ఉడికినట్టు చేసిన్రు. గిసొంటియి తిని తిని మన ఇండ్లల్ల పొయ్యిల మీద సాలీడ్లు సంసారం చేస్తున్నయ్. మా ఇంట్ల చూడు, ఇయ్యాల పొయ్యి అంటింది."

"ఏం వండిన్రన్నా?" అన్నాడు బలరాం. ఆ షిఫ్టుకు సర్దార్ అతను. మనుషులను పనికి పంచేవాడు, తినేటప్పుడు మాత్రం అందరి దగ్గరా పంచుకునేవాడు.

"దాల్చా."

"గిది గూడ దాల్చానే గదనే."

"పేరొక్కటైతే సరిపాయెనా? మా ఇంటి దాల్చా తిన్న నోటితోని దీన్ని తింటె ఆ నోటికి అవమానం." అని తాజుద్దీన్ ముక్కు మూసుకున్నాడు కూడా.

బలరాం మూసుకోలేదు. వేలితో తీసి నాలుక మీద రాసుకుని, కాసేపు గోడ వైపు చూసి, తన అన్నం మొత్తం హరిలాల్ డబ్బా దగ్గరికి జరిపాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. డబ్బా ఖాళీ అయింది. బలరాం మూత తుడిచి పేరు చదువుకున్నాడు. "నల్లబంగారమా? కాళేశ్వరం రోడ్డు మీద, జనగామ శశిధర్ పెట్టినదే గదా? వానికి గింత చెయ్యి ఉందని తెల్వకపాయె," అన్నాడు. మూతను జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం తాజుద్దీన్ ఇంట్లోనే ఉన్నాడు. రెండు రోజులుగా పొయ్యి వెలుగుతోంది. అతను వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని ఆ మంటను చూస్తూ కూర్చునే అలవాటు కూడా చేసుకున్నాడు. మధ్యాహ్నం విజయ వచ్చింది. హోటల్ కూర తెప్పించి పంపిన అక్కకు ఏదో ఒకటి ఇవ్వకపోతే బాగుండదని ఆమెను రెండు రోజులుగా ఒకటే గుబులు తినేస్తోంది. నైట్ డ్యూటీ దిగి వచ్చింది. వండే ఓపిక లేదు. ఆమె కూడా అదే హోటల్‌కు ఫోన్ చేసి గుత్తి వంకాయ తెప్పించింది. డబ్బాతో ఇస్తే చిన్నతనంగా ఉంటుందని, నెలల తరబడి తన అటక మీదున్న మున్నవర్ స్టీలు గిన్నెను దించి, తోమి, అందులోకి వంచింది. అబద్ధం ఆమె ఒక్కటి కూడా ఆడలేదు.

"అక్కా, మీ గిన్నె. జర వంకాయ కూర తెచ్చిన," అంది అంతే. నిద్ర కళ్లతో వెళ్లిపోయింది.

తాజుద్దీన్ గిన్నె అంచు మీద చెక్కిన పేరు చూశాడు. ఇల్లు వదిలిన గిన్నె ఇంటికొచ్చింది. ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"చూసినవా మున్నవర్? గిది వంటంటె. రాత్రంత దవాఖానల నిలబడ్డది, అయినా చేసింది."

మున్నవర్ వేలి కొసతో కొంచెం తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. జీడిపప్పు ముద్ద, నాలుగు కూరలకూ ఒకేసారి వేయించి పెట్టుకున్న ఉల్లిగడ్డ, పైన తేలే ఎర్ర నూనె. గురువారం దాకా ఆమె తిన్నది కూడా ఇదే.

"విజయ చేసిందంటరా?"

"గిన్నె చూస్తె తెలుస్తలేదా?"

"బాగున్నదా?"

"ఇంటి చెయ్యి వేరు మున్నవర్. తప్పు లేదు, నువ్వొకసారి పోయి ఆమెను అడిగి నేర్చుకో."

ఎంతో పెద్ద మనసుతో అన్నాడు ఆ మాట. పొరుగింటి ఆడపిల్లను మెచ్చుకోవడంలో, భార్యకు నేర్చుకోమని సలహా ఇవ్వడంలో తనలో తనకే ఒక న్యాయమూర్తి కనిపించాడు. మున్నవర్ వంటింట్లోకి వెళ్లింది. టక్కుమని పొయ్యి చెవి తిప్పిన చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి మిషన్ ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించింది.

"చాయ్ ఏమైంది?" అన్నాడు.

"ఆరింది."

"చాయా?"

"పొయ్యి."

తాజుద్దీన్‌కు అర్థం కాలేదు. ఇది అసూయ అనుకున్నాడు, రెండు రోజుల్లో తగ్గుతుందనుకున్నాడు. తగ్గలేదు. మాజిద్ ప్లాంటు క్యాంటీన్లో తినొచ్చేవాడు. మున్నవర్ రొట్టె, మామిడికాయ తొక్కుతో సరిపెట్టుకునేది, కుట్టుకునేది. పార్సిల్ తెప్పించడానికి అతనికి అతని మాటే అడ్డం. మంగళవారం ఆకలి బాగా ముదిరాక గోడ దగ్గర నిలబడి, "అమ్మా విజయా, మీ అక్కకు పెండ్లి జాకెట్ల పని ఎక్కువున్నది. నాలుగొద్దులు నీ చేతి కూర జర పంపుతవా?" అన్నాడు.

విజయ కాదనలేకపోయింది. ఇప్పుడు నిజం చెబితే ఆదివారం నాటి వంకాయ కూడా బయటపడుతుంది. ఆమె రోజూ హోటల్‌కు ఫోన్ చేసింది, రోజూ డబ్బాలోంచి గిన్నెలోకి వంచింది. ఆ ఇంట్లో హోటల్ ఖర్చు రెట్టింపయింది. హరిలాల్ మొఖం మాడ్చుకుని డ్యూటీకి వచ్చేవాడు. తాజుద్దీన్ అతని భుజం తట్టి, "అదృష్టవంతునివిరా. ఇంట్ల అన్నపూర్ణ ఉన్నది," అనేవాడు. హరిలాల్ అతని వంక అదోలా చూసేవాడు. హోటల్ పార్సిల్ ఇంట్లోకి రావద్దన్న మనిషి హోటల్ కూర తప్ప ఇంకేమీ తినకుండా ఆ వారమంతా గడిపాడు, ప్రతి పూటా ఇంటి వంటను పొగుడుతూ.

ఈలోగా బలరాం ఊరుకోలేదు. ఆ హోటల్‌కు పోయి దాల్చా అడిగాడు. లేదన్నారు. జేబులోంచి మూత తీసి కౌంటర్ మీద పెట్టాడు. "గిదేంది మల్ల? తెలిసినోళ్లకొకటి, మాకొకటా?" మర్నాడు షిఫ్టు దిగిన ఇంకో నలుగురు పోయారు. గనిలో ఒక మాట పుడితే అది పైకి వచ్చేలోపే అన్ని షిఫ్టులకూ తెలుస్తుంది. శశిధర్ చేసేది లేక తన వంటవాళ్లతో దాల్చా చేయించాడు. తిన్నవాళ్లు మొహం చిట్లించి, "గిది కాదు," అన్నారు. ఎందుకు కాదని అడిగితే, "గా డబ్బాల దాని పులుపు వేరు," అన్నారు.

తర్వాతి శుక్రవారం ఉదయం శశిధర్ మోటారు సైకిల్ మీద క్వార్టర్లకు వచ్చాడు. వెనక బలరాం. ముందు హరిలాల్ ఇంటి దగ్గర ఆగి ఏదో మాట్లాడారు. విజయ డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. ఆ డబ్బా ఎక్కడి నుంచి వచ్చిందని హరిలాల్ ఫోన్లో అడిగితే, "మున్నవరక్క ఇచ్చింది," అందామె. ముగ్గురూ తాజుద్దీన్ వాకిట్లోకి వచ్చారు.

శశిధర్ చేతిలో నారింజ రంగు మూత చూడగానే తాజుద్దీన్‌కు రేకుల షెడ్డులో తను అన్న మాటలన్నీ వరుసగా గుర్తొచ్చాయి. పొడి అన్నాడు. ఉడకలేదన్నాడు. పేరున్న హోటల్ మీద నోరు పారేసుకున్నాడు. బలరాం మోసి ఉంటాడు. ఇప్పుడు కాళ్లబేరానికి పోతే మాట పోతుంది. నిలబడితే ఏమవుతుందో తెలియదు. అతను నిలబడ్డాడు.

"అవును, గా మాటలన్నది నేనే," అన్నాడు వాళ్లు నోరు తెరవకముందే.

శశిధర్ తెల్లబోయాడు. "ఏమన్నరు?"

"గది తినేది కాదన్న. చింతపండు కాదన్న. వాసనతోనే చెప్పిన. ఎవ్వలడిగినా గదే చెప్త."

"మంచిదన్నా," అన్నాడు శశిధర్ నిదానంగా. "కాని అది మేం వండింది కాదు. దాల్చా మా దగ్గర లేనే లేదు. డబ్బా మాది, కూర మీ ఇంటిది. గా కూర ఎవ్వలు వండిన్రో అడుగుదామని వచ్చిన."

కుట్టు మిషన్ ఆగింది. అంతలో విజయ గేటు తోసుకుని వచ్చింది. డ్యూటీ దిగి వస్తూ దారిలోనే హోటల్ దగ్గర పార్సిల్ తీసుకుని, ఆలస్యమైందని బస్టాండు దగ్గరే సంచిలోని స్టీలు గిన్నెలోకి వంచుకుని తెచ్చింది. "అన్నా, కూర," అని అందించబోయి, వాకిట్లో మనుషులను చూసి ఆగింది. మూత పక్కకు జరిగింది.

శశిధర్ లోపలికి చూశాడు. "ఇది మాదే," అన్నాడు. "కాజు టమాట. పొద్దున మొదటి వాయి. మీద కొత్తిమీర నేనే చల్లిన."

విజయ ఏడవలేదు, నవ్వలేదు. గిన్నెను అరుగు మీద పెట్టి, "నాకు వండుడు టైం లేదన్నా. మీరు గంత మెచ్చుకున్నంక చెప్పబుద్ధి కాలే," అంది.

"వంకాయ గూడనా?" అన్నాడు తాజుద్దీన్.

"అన్నీ."

బలరాం ముందు అర్థం చేసుకున్నాడు. అరుగు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "తాజన్నా, గారోజు ముక్కు మూసుకున్నవు గదనే, మీ ఇంటి కూరకు!"

తాజుద్దీన్ కుర్చీలో కూర్చున్నాడు. ఒక్కో దీపాన్నీ వెలిగించి చూసే తన చేతులను ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. ఇన్నేళ్లూ ఇంట్లో తను తిన్నదేమిటి? మూతలు తిన్నాడు, గిన్నెలు తిన్నాడు, గిన్నెల మీది పేర్లు తిన్నాడు. కూర ఎప్పుడైనా తిన్నాడా? పులుపు ఎక్కువైందని అన్ని వేలసార్లు అన్నాడే, ఒక్కసారైనా నిజంగా ఎక్కువైందా? తెలియదు. ఆ తెలియకపోవడం, వాకిట్లో నవ్వుల కంటే ఎక్కువగా గుచ్చుకుంది.

శశిధర్ మున్నవర్ వైపు తిరిగాడు. "అక్కా, పగటిపూట వచ్చి మా దగ్గర వండుతరా? ముందుగల్ల శుక్రవారాలు, ఆదివారాలు. జనం అడుగుతున్నరు."

ఆమె కాదంటుందని తాజుద్దీన్‌కు నమ్మకం. ఆమె జాకెట్టు మడిచి పక్కన పెట్టింది.

"నా వంట దేగ్చా నేను తెచ్చుకుంట. చింతపండు మా అక్క పంపుతది, అదే వాడుతా. ఇంకొకటి. ఎవ్వలన్న పులుపు ఎక్కువైందంటె వాళ్లకు మల్ల పార్సిల్ ఇయ్యొద్దు."

"మంజూర్," అన్నాడు శశిధర్.

"నన్ను అడగవా?" అన్నాడు తాజుద్దీన్. గొంతు అతననుకున్న దానికంటే చిన్నగా వచ్చింది.

"మీరే అన్నరు గద అజీ, ఇంటి చెయ్యి వేరని," అంది మున్నవర్. "ఇగ గది హోటల్ల గూడ దొరుకుతది."

ఆ తర్వాతి శుక్రవారం నమాజు నుంచి వస్తుంటే వీధి మొదట్లో ఏ వాసనా లేదు. ఇంట్లో ఎవరూ లేరు. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. తాజుద్దీన్ కుర్చీలో కాసేపు కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. చివరికి మాజిద్ నేర్పినట్టు ఫోన్లో వేళ్లు కదిపి, ఒక దాల్చా, ఒక బగారా అన్నం తెప్పించుకున్నాడు. నారింజ రంగు మూత. దాన్ని తీసి బోర్లా పక్కన పెట్టాడు, పేరు కనబడకుండా. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నమలకుండా, నాలుక మీదే కొంచెంసేపు ఉంచాడు.

పులుపు సరిగ్గా ఉంది.

చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు. అన్నం మొత్తం తిని, డబ్బా కడిగి, అర మీద పెట్టబోయి ఆగాడు. ఈ డబ్బాను ఎవరూ తిరిగి అడగరు. అక్కడ, ఆ హోటల్ వంటింట్లో, ఊరందరికీ వండి పంపిన మనిషి ఏం తిని ఉంటుంది? పెళ్లయినప్పటినుంచీ ఆమెకు ఎవరైనా వండి పెట్టారా? అతనికి చేతనైన వంట ఒక్కటే, కోడిగుడ్డు ఉల్లిగడ్డ. అదీ పెళ్లికి ముందు చేసింది. ఉల్లిగడ్డలు తరిగాడు. కళ్లు మండాయి. పొయ్యి ముందు నిలబడి, ఏ బర్నర్ అంటించాలో చూసి, రెండోది అంటించాడు. మళ్లీ కట్టిన సాలీడు దారం ఒక్క క్షణం మెరిసి కాలిపోయింది.

కూర దేనిలో పెట్టాలన్నది పెద్దగా ఆలోచించలేదు. విజయ తిరిగి ఇచ్చిన స్టీలు గిన్నె తీశాడు. గిన్నె అయితే ఖాళీగా తిరిగి రాదు. షిఫ్టుకు పోయే దారిలో హోటల్ వంటింటి గుమ్మం దగ్గర ఇచ్చి వెళ్లొచ్చు. అంచు మీది చుక్కల అక్షరాలు తనకు కనబడకుండా అటు తిప్పి, మూత పెట్టే ముందు ఒక చిన్న ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

ఉప్పు జర ఎక్కువైంది. ఆ మాట ఎవరితోనూ అనకుండా మూత పెట్టాడు.